డబ్బిస్తామన్నా వేయని ప్రకటన

 

మన ఇళ్లలో గోడల మీద బాబాసాహెబ్ ఫొటోలు రకరకాలుగా ఉంటాయి. చేతిలో రాజ్యాంగం పట్టుకున్నది ఒకటి, వేలు చూపిస్తూ నిలబడ్డది ఒకటి, బుద్ధుడి బొమ్మ పక్కన ఉన్నది ఇంకొకటి. ప్రెస్సులో కూర్చుని ప్రూఫులు దిద్దుకుంటున్న బాబాసాహెబ్ బొమ్మ మాత్రం మీరు ఎక్కడా చూసి ఉండరు. కానీ ఆయన ప్రజా జీవితం తొలి అడుగుల్లోనే పత్రిక ఉంది, చివరి సంవత్సరంలోనూ పత్రిక ఉంది. మధ్యలో ఉన్న 36 ఏళ్లలో ఒక పత్రిక మూతపడితే ఇంకొకటి పెట్టారు. లాయరుగా, ప్రొఫెసరుగా, మంత్రిగా ఆయన గురించి మనం బోలెడు చెప్పుకుంటాం. సంపాదకుడిగా ఆయన పడ్డ పాట్లు చెప్పుకునేది తక్కువ. ఈసారి అది చెప్పుకుందాం.

ఆయన పుట్టుక, చదువు మీకు తెలిసినవే. 1891 ఏప్రిల్ 14న మౌలో పుట్టారు. తండ్రి రామ్‌జీ సైన్యంలో సుబేదారు. బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో 1913లో అమెరికా వెళ్లి కొలంబియాలో చదివారు. అక్కడినుంచి లండన్ వెళ్లారు. డబ్బు చాలక చదువు మధ్యలో ఆపి తిరిగొచ్చి, 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసరుగా చేరారు. ప్రొఫెసరుకి కూడా స్టాఫ్‌రూములో మంచినీళ్ల కుండ ముట్టుకోవద్దన్న రోజులవి. 1919లో ఓటు హక్కు విషయం పరిశీలించడానికి సౌత్‌బరో కమిటీ వచ్చింది. ఆ కమిటీ ముందు సాక్ష్యం చెప్పి, అంటరానివాళ్లకు ఓటూ, వాళ్ల ప్రతినిధులూ కావాలని వాదించారు. వాదించాక ఆయనకు అర్థమైంది ఒకటే. కమిటీ ముందు ఎంత గట్టిగా మాట్లాడినా, మర్నాడు పేపర్లో అది రాకపోతే, వచ్చినా వంకరగా వస్తే, ఆ మాట ఆ గదిలోనే చచ్చిపోతుంది.

అప్పటి బొంబాయి ప్రెసిడెన్సీలో పత్రికలకు కొదవ లేదు. మరాఠీలో ఎన్నో ఉన్నాయి. అన్నిటికంటే పెద్ద పేరు తిలక్ 1881లో పెట్టిన కేసరిది. కానీ ఏ పత్రిక తిరగేసినా అందులో ఏదో ఒక కులం మేలే కనిపించేది. మిగతావాళ్ల గోడు పట్టకపోవడం ఒకటైతే, ఒక్కోసారి వాళ్లకు నష్టం చేసే రాతలే ఉండేవి. అందుకే కొల్హాపూర్ పాలకుడు ఛత్రపతి శాహూ మహారాజ్ ఇచ్చిన 2,500 రూపాయలతో 1920 జనవరి 31, శనివారం నాడు మూకనాయక్ మొదలైంది. మూగవాళ్ల నాయకుడు అని ఆ పేరుకు అర్థం. పక్షపత్రిక. బాబాసాహెబ్ ప్రభుత్వ కాలేజీలో ఉద్యోగి కాబట్టి సంపాదకుడిగా ఆయన పేరు వేసుకునే వీల్లేదు. పాండురంగ భట్కర్ పేరు వేశారు. తొలి సంచికలో సంపాదకీయం మాత్రం బాబాసాహెబ్‌దే.

ఆ సంపాదకీయంలో ఆయన హిందూ సమాజాన్ని ఒక పెద్ద మేడతో పోల్చారు. అంతస్తులు చాలా ఉన్నాయి, పైకి ఎక్కడానికి మెట్లు మాత్రం లేవు. ఏ అంతస్తులో పుట్టినవాడు ఆ అంతస్తులోనే చావాలి. ఇంకో పోలిక పడవది. అందరూ ఒకే పడవలో ఉన్నప్పుడు పక్కవాడికి హాని చేద్దామని పడవకు చిల్లు పెట్టినవాడు ముందో వెనకో తానూ మునుగుతాడు. తన కులం మేలే చూసుకునే పత్రికలకు ఆయన చెప్పిన మాట ఇది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. కొత్త పత్రిక వస్తోందంటే జనానికి తెలియాలి కదా. అందుకు ఉన్న దారి ఇంకో పత్రికలో ప్రకటన వేయించుకోవడమే. మూకనాయక్ వాళ్లు కేసరికి ప్రకటన పంపారు. ఊరికే వేయమని కాదు, మామూలు రేటు కట్టి వేయించుకుంటామని. కేసరి ఒప్పుకోలేదు. అప్పటికి తిలక్ ఇంకా బతికే ఉన్నారు. స్వరాజ్యం మా జన్మహక్కు అని దేశమంతా చాటిన నాయకుడి పత్రికలో, అంటరానివాళ్లు డబ్బు పెట్టి కొనుక్కుంటామన్నా నాలుగు అంగుళాల చోటు దొరకలేదు.

ఈ సంగతి దగ్గర మనం కాస్త ఆగాలి. ప్రకటనల ఒత్తిడి అంటే మనకు గుర్తొచ్చేది కంపెనీవాడు డబ్బిచ్చి వార్త ఆపించుకోవడం. అది నిజమే, దాని గురించి ముందు చెప్పుకుంటాం. కానీ ఇక్కడ జరిగింది దానికి తలకిందులు. ఇక్కడ డబ్బు కూడా ఓడిపోయింది. వ్యాపారం వ్యాపారమే, డబ్బుకు కులం లేదు అని చెప్పేవాళ్లు ఉంటారు. మనవాళ్లలో కూడా ఉన్నారు. 1920లో కేసరి ఆఫీసు ఆ మాట తప్పని చూపించింది. పత్రిక యజమాని చేతిలో రెండు తాళాలుంటాయి. ఒకటి డబ్బుకు తెరుచుకుంటుంది. రెండోది డబ్బుకు కూడా తెరుచుకోదు.

మీలో ఆలోచించేవాళ్లు ఒక ప్రశ్న అడుగుతారు, అడగాలి కూడా. మరి మూకనాయక్‌కు డబ్బిచ్చింది రాజుగారే కదా, అది మాత్రం యజమాని డబ్బు కాదా? నిజమే, రాజు డబ్బే. అయితే శాహూ మహారాజ్ ఇచ్చింది విరాళం, వాటా కాదు. పత్రికను కొనుక్కోలేదు, దాన్ని తన వ్యాపారానికి అడ్డు పెట్టుకోలేదు. అయినా ఒక మనిషి దయ మీద నిలిచిన పత్రిక ఎన్నాళ్లుంటుంది? 1920 జులైలో బాబాసాహెబ్ ఆగిన చదువు పూర్తిచేయడానికి లండన్ వెళ్లారు. 1922 మేలో శాహూ మహారాజ్ చనిపోయారు. 1923లో మూకనాయక్ ఆగిపోయింది. ఆయన బారిస్టరై తిరిగొచ్చేసరికి చేతిలో పట్టా ఉంది, పత్రిక లేదు.

ఇక్కడ మన తెలుగువాళ్ల సంగతి ఒకటి చెప్పాలి. అదే బొంబాయిలో 1908లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఆంధ్రపత్రికను వారపత్రికగా పెట్టారు. 1914లో మద్రాసుకు మార్చి దినపత్రిక చేశారు. ఆయన 1893లో మొదలుపెట్టిన అమృతాంజనం అప్పటికే ఇంటింటికీ చేరిన మందు. ఆ డబ్బా మీద వచ్చిన లాభం పత్రికకు వెన్నుదన్ను. ఆయన దేశభక్తిని నేనేమీ తక్కువ చేయడం లేదు. నేను చెప్పేది లెక్క. పత్రిక అంటే కాగితం, అచ్చు, తపాలా, జీతాలు. ఎక్కడో ఒకచోట నుంచి డబ్బు రావాలి. తలనొప్పి మందు అమ్మి పత్రిక నడిపే స్తోమత పంతులుగారికి ఉంది. మహర్ వాడల్లో, మాల మాదిగ పల్లెల్లో ఎవరికుంది? ఉన్నంతలో ప్రయత్నించినవాళ్లు మనకూ ఉన్నారు. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ భాగ్యనగర్ పత్రిక నడిపారు. రాజమండ్రిలో కుసుమ ధర్మన్న జయభేరి నడిపారు. ఆ పేర్లు ఈనాటి మన పిల్లల్లో ఎంతమందికి తెలుసో మీ విహారంలో ఒకసారి అడిగి చూడండి.

సరే, బాబాసాహెబ్ దగ్గరికి వద్దాం. 1927 మార్చి 19, 20 తేదీల్లో మహాడ్ సభ జరిగింది. చవదార్ చెరువుకు ఊరేగింపుగా వెళ్లి నీళ్లు తాగారు. ఆ తర్వాత ఏం జరిగింది? అంటరానివాళ్లు వీరేశ్వరుడి గుళ్లోకి కూడా దూరబోతున్నారని ఎవరో ఒక పుకారు లేపారు. అది పచ్చి అబద్ధం. ఆ అబద్ధం నమ్మిన జనం కర్రలు పట్టుకుని వచ్చి, సభకొచ్చి అన్నం తింటున్నవాళ్ల మీద, ఇళ్లకు పోతున్నవాళ్ల మీద పడ్డారు. పంచశీలలో నాలుగోది అబద్ధమాడకుండా ఉండటం. మనం దాన్ని వ్యక్తిగత నియమంగా చెప్పుకుంటాం, పిల్లలకు నేర్పుతాం. ఒక ఊరు మొత్తం కలిసి ఆడే అబద్ధం ఎన్ని తలలు పగలగొడుతుందో మహాడ్‌లో చూశాం.

ఆ దెబ్బలు తిన్న 14 రోజులకు, 1927 ఏప్రిల్ 3న, బహిష్కృత భారత్ మొదటి సంచిక వచ్చింది. ఈసారి సంపాదకుడిగా ఆయన పేరే ఉంది. మహాడ్‌లో నిజంగా ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో, ఆ చెరువు మీద ఎవరికి ఏ హక్కుందో ఆయనే రాశారు. జీతాలిచ్చి విలేకరులను పెట్టుకునే స్తోమత లేదు. పత్రికలో ఉన్న 24 కాలమ్‌లూ ఒక్కడే నింపాల్సి వచ్చింది. పగలు కోర్టు, కాలేజీ, సంఘం పనులు. రాత్రుళ్లు పత్రిక. అందులో ఆయనకు పైసా రాలేదు.

చందాలు సరిగా అందేవి కావు. చదివేవాళ్లు మిల్లు కూలీలు, రైల్వే కూలీలు, పల్లెల్లో వెట్టి చేసేవాళ్లు. చాలామందికి చదువు రాదు, ఒకరు చదివితే పదిమంది వినేవాళ్లు. వినే పదిమందీ చందాదారులు కారు కదా. పత్రిక అప్పుల్లో పడింది. అప్పుడు ఆయన ఒక సంపాదకీయం రాసి పాఠకులనే నిలదీశారు. ఈ పత్రిక మీదున్న అప్పు నా ఒక్కడి అప్పా, మీ అందరిదీ కాదా అన్నది దాని సారాంశం. విరాళాలు అడిగారు. వచ్చింది కొంచెమే. 1929 నవంబరులో బహిష్కృత భారత్ ఆగిపోయింది.

బాబాసాహెబ్ జీవితంలో మనకు ఇబ్బంది కలిగించే చోట్లలో ఇదొకటి. కేసరి ప్రకటన వేయలేదని చెప్పుకుంటే మనకు కోపం వస్తుంది, ఆ కోపం హాయిగా ఉంటుంది. బహిష్కృత భారత్ చందాలు లేక ఆగిందంటే కోపం ఎవరి మీద తెచ్చుకోవాలి? ఆ రోజుల్లో పేదరికం అలాంటిది, నిజమే. కానీ ఈ రోజు మనలో ఉద్యోగాలున్నవాళ్లు తక్కువేమీ కాదు. నెలకు టీవీ కేబుల్‌కు కట్టేది ఎంత, ఫోన్ రీచార్జికి పెట్టేది ఎంత, ఒక అంబేద్కరిస్టు పత్రికకు సంవత్సరానికి కట్టేది ఎంత, లెక్క వేసుకోండి.

ఆయన మాత్రం వదల్లేదు. 1928లో సమాజ సమతా సంఘం తరఫున సమత అనే పత్రిక వచ్చింది. 1930 నవంబరు 24న జనత మొదలైంది. అప్పటికి ఆయన లండన్‌లో రౌండ్ టేబుల్ సమావేశంలో ఉన్నారు, అక్కడినుంచే దానికి ఉత్తరాలు రాసేవారు. సమతనూ తొలిరోజుల్లో జనతనూ చూసుకున్న దేవరావు నాయక్ పుట్టుకతో బ్రాహ్మణుడు. కొందరికి ఇది వింతగా ఉంటుంది. బాబాసాహెబ్ పోరాటం బ్రాహ్మణ్యంతో, రాయగలిగిన నిజాయితీ మనిషితో కాదు.

1932లో పూనా ఒప్పందం నాటికి దేశంలోని పెద్ద పత్రికలన్నీ దాదాపు ఒకవైపే నిలబడ్డాయి. గాంధీ ప్రాణం తీయబోతున్న మనిషిగా బాబాసాహెబ్‌ను చూపించాయి. ప్రత్యేక నియోజకవర్గాలు ఎందుకు కావాలో చెప్పే ఆయన వాదన జనానికి చేరలేదు. జనత చిన్న పత్రిక, అదీ మరాఠీలో. ఆంధ్రదేశంలోనో, పంజాబులోనో ఉన్న అంటరానివాడికి తన నాయకుడి మాట ఆ నాయకుణ్ణి తిట్టే పత్రికల ద్వారానే అందింది.

పదేళ్లు పోయాక 1943 జనవరి 18న పూనాలో, రనడే జయంతి సభలో ఆయన మాట్లాడారు. ఆ ఉపన్యాసం తర్వాత పుస్తకంగా వచ్చింది, సంపాదించి చదవండి. అందులో పత్రికల మీద ఆయన చేసిన విమర్శ ఈనాటికీ మంట పుట్టిస్తుంది. పత్రికారచన ఒకప్పుడు వృత్తి, ఇప్పుడు వ్యాపారం అయిపోయింది. సబ్బు తయారీకి ఎంత నీతి బాధ్యత ఉందో దానికీ అంతే మిగిలింది. దురుద్దేశం లేకుండా వార్త ఇవ్వడం, సమాజానికి మంచిదేదో భయం లేకుండా చెప్పడం, తప్పుదారి పట్టిన పెద్దవాణ్ణి నిలదీయడం, ఇవేవీ తన పని అనుకోవడం లేదు. ఒక వీరుణ్ణి పట్టుకుని అతన్ని పూజించడమే పని అయిపోయింది. ఇంగ్లండులో నార్త్‌క్లిఫ్ తరహా పత్రికారచన మీద వచ్చిన విమర్శను గుర్తుచేసి, మన దేశంలో దానికి తోడు డప్పు కొట్టడం కూడా చేరిందన్నారు. అన్ని పత్రికలనూ ఒకే గాటన కట్టలేదు, గౌరవించదగ్గవి కొన్ని ఉన్నాయని ఒప్పుకున్నారు, అవి చాలా తక్కువన్నారు. వీరపూజ గురించి అన్న మాట మనకూ తగులుతుంది. ఆయన్నే దేవుణ్ణి చేసి డప్పు కొట్టే కరపత్రాలు మన దగ్గరా ఉన్నాయి. ఆయన మాత్రం ఆ సభలో విగ్రహారాధన వద్దనే చెప్పారు.

1945లో కాంగ్రెసూ, గాంధీ అంటరానివాళ్లకు ఏం చేశారన్న పుస్తకం వచ్చింది. దానిలో విదేశీయులకు చేసిన విజ్ఞప్తి చూడండి. అంటరానివాళ్లకు సొంత పత్రిక ఎందుకు లేదో అక్కడ లెక్క తేల్చి రాశారు. ప్రకటనల ఆదాయం లేకుండా ఏ పత్రికా బతకదు. ప్రకటనలిచ్చేది వ్యాపారస్తులు. చిన్నా పెద్దా వ్యాపారమంతా కాంగ్రెస్ వెంట ఉంది. కాబట్టి కాంగ్రెస్ కాని పత్రికకు ప్రకటన రాదు. ఇక వార్తలు పంచే పెద్ద సంస్థ అసోసియేటెడ్ ప్రెస్ ఆఫ్ ఇండియాలో ఉద్యోగులంతా ఒకే వర్గంవాళ్లని, కాంగ్రెస్‌కు నచ్చని వార్తను బయటకు పోనివ్వరని ఆరోపించారు. యజమాని, ప్రకటనదారు, వార్తా సంస్థ. మూడు గేట్లు, మూడింటి దగ్గరా కాపలా. ఈ రోజు మీడియా మీద విశ్వవిద్యాలయాల్లో చెప్పే పాఠాలకు ఎంతో ముందే, నష్టపోయినవాడు తన అనుభవం నుంచి రాసిన పాఠం ఇది.

ఆయన ఊహించి రాసింది కాదు. హిందుస్థాన్ టైమ్స్ బిర్లాలది. 1946లో టైమ్స్ ఆఫ్ ఇండియా సంస్థను దాల్మియా కొన్నారు. జనపనార మిల్లులవాళ్ల చేతిలో పత్రికలున్నాయని స్వాతంత్ర్యం వచ్చాక జూట్ ప్రెస్ అనే మాటే పుట్టింది.

1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో పత్రికా స్వేచ్ఛను విడిగా రాయాలని కొందరు పట్టుబట్టారు. బాబాసాహెబ్ అక్కర్లేదన్నారు. పత్రికకు పౌరుడికి లేని ప్రత్యేక హక్కేదీ లేదు, సంపాదకుడైనా మేనేజరైనా పౌరులే, పౌరుడిగా మాట్లాడే హక్కునే వాళ్లు వాడుకుంటారు అన్నది ఆయన వాదన. అందుకే 19వ అధికరణలో ప్రెస్ అన్న మాట కనిపించదు. పత్రికా స్వేచ్ఛ ప్రమాదంలో పడిందని ఏ యజమాని అయినా గొంతు చించుకున్నప్పుడు ఈ సంగతి గుర్తు చేసుకోండి. ఆ హక్కు యజమాని ఆస్తిగా రాజ్యాంగంలో రాయలేదు. అక్కడ రాసింది మీ హక్కు, నా హక్కు.

ఇప్పటి సంగతి పొడుగ్గా చెప్పక్కర్లేదు, రోజూ చూస్తున్నదే. 2014లో నెట్‌వర్క్ 18 రిలయన్స్ చేతికి వెళ్లింది. 2022 డిసెంబరులో ఎన్డీటీవీ అదానీల చేతికి వెళ్లింది. 2009 ఎన్నికల్లో డబ్బు తీసుకుని వార్తల రూపంలో ప్రచారం వేశారన్న ఫిర్యాదుల మీద ప్రెస్ కౌన్సిల్ ఇద్దరితో కమిటీ వేసింది, అందులో మన తెలుగు జర్నలిస్టు కె. శ్రీనివాస్ రెడ్డి ఒకరు. పత్రికల పేర్లు చెప్పిన పూర్తి నివేదిక బయటపెట్టడానికి పత్రికల మంచి కోరే ఆ కౌన్సిలే మొదట్లో వెనకాడింది. మన తెలుగులో ఏ పత్రిక ఏ పార్టీదో చెప్పడానికి పేజీ తిప్పక్కర్లేదు. ర్యాంకులొచ్చిన రోజు మొదటి పేజీ అంతా కాలేజీల ప్రకటనే. అదే కాలేజీ హాస్టల్లో పిల్లవాడు ఉరేసుకుంటే లోపలి పేజీలో నాలుగు ముక్కలు, కాలేజీ పేరుండదు, ఒక ప్రైవేటు కాలేజీ అని ఉంటుంది. మన వాడ మీద దాడి జరిగితే ఇరువర్గాల ఘర్షణ అని రాస్తారు. ఆ మాట ఎవరి డబ్బుతో అచ్చయిందో అడగండి.

భగవానుడు కాలాములకు చెప్పింది మీరు విహారంలో విన్నారు. పదిమంది అంటున్నారని, గ్రంథంలో ఉందని, పెద్దవాడు చెప్పాడని నమ్మొద్దు, మీరే పరీక్షించి చూడండి అన్నాడు. దినపత్రికకూ అది వర్తిస్తుంది, వాట్సాప్‌కు ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. అష్టాంగ మార్గంలో సమ్మా వాచా, సమ్మా ఆజీవ విడివిడిగా ఉన్నాయి కానీ పత్రిక నడిపేవాడి దగ్గర రెండూ ఒకటైపోతాయి. వాడి మాటే వాడి జీవనోపాధి. జీవనోపాధి ఇంకొకడి చేతిలో ఉంటే మాట సమ్యక్‌గా ఉండటం ఎంత కష్టమో బాబాసాహెబ్ 36 ఏళ్లు చూశారు.

1956 ఫిబ్రవరి 4న ఆయన జనత పేరు మార్చారు. కొత్త పేరు ప్రబుద్ధ భారత్. మూగవాళ్ల పేరుతో మొదలై, వెలివేయబడ్డవాళ్ల పేరు మీదుగా, మేలుకొన్నవాళ్ల పేరు దాకా వచ్చింది. దీక్ష తీసుకున్నది ఆ తర్వాత ఎనిమిది నెలలకు, అక్టోబరు 14న నాగపూర్‌లో. మనిషికంటే పత్రికే ముందు బుద్ధుడి పేరు పెట్టుకుంది. డిసెంబరు 6న ఆయన పరినిర్వాణం చెందారు. ఆయన పోయాక కూడా ప్రబుద్ధ భారత్ కొన్నేళ్లు వచ్చింది, చందాలు వచ్చినంత కాలం.